సశేషం తర్వాతి ఏడు రోజులు: ధారావాహికలు మనల్ని పట్టి ఉంచే తీరు

రాత్రి ఏడున్నర వేళ చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "ఆ సీరియల్ అయ్యేదాకా అమ్మ అక్కడి నుంచి లేవదు." అదే ఇంట్లో ఆ అమ్మ కొడుకు, వారానికొక భాగం చొప్పున విడుదలయ్యే వెబ్ సిరీస్ కోసం వారమంతా ఎదురుచూసి, అర్ధరాత్రి పన్నెండు దాటగానే ఫోన్ తెరుస్తాడు. మొదటిదాన్ని పిచ్చి అంటున్నాం, రెండోదాన్ని అభిరుచి అంటున్నాం. రెండింటినీ కలిపి మాట్లాడవలసి వచ్చినప్పుడు వ్యసనం అనే బరువైన మాట వాడేస్తున్నాం. ఒకప్పుడు కథ మొత్తాన్ని ఒకేసారి మన ముందుంచిన ఓటీటీ సంస్థలు కొన్ని మళ్లీ వారానికొక భాగం పద్ధతికి మరలడంతో, వేచి చూడడం మంచిదా, ఒక్క పట్టున చూసేయడం మంచిదా అన్న చర్చ కూడా దీనికి తోడైంది. ఇందులో ఏ మాట ఏ స్థితికి సరిపోతుందో తెలియాలంటే, ముందు ధారావాహిక మనల్ని దేనితో పట్టి ఉంచుతుందో విడదీసి చూడాలి.

మాటల అర్థాలు: వారం, రోజు, ఒకేసారి

ఒక కథను భాగాలుగా విడగొట్టి, ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య నిర్ణీతమైన వ్యవధి ఉంచి చెప్పే పద్ధతిని ధారావాహిక అంటున్నాం. పత్రికలో వచ్చినా, రేడియోలో వచ్చినా, టీవీలో వచ్చినా సీరియల్ అన్నది దానికే వాడుక పేరు. ఆ వ్యవధి ఏడు రోజులైతే వారపు ధారావాహిక, ఒక రోజైతే డైలీ సీరియల్. వ్యవధే లేకుండా భాగాలన్నీ ఒకేసారి అందితే అది వెబ్ సిరీస్‌లలో తరచుగా కనిపించే పద్ధతి. నెట్‌ఫ్లిక్స్ 2013లో తన సొంత సిరీస్ ఒకదాని మొదటి సీజన్ మొత్తాన్ని ఒకే రోజున విడుదల చేసిన తర్వాత ఈ మూడో పద్ధతికి ప్రచారం వచ్చింది.

కథలో మార్పు లేకపోయినా, వ్యవధి మారితే ప్రేక్షకుడికీ కథకూ ఉండే సంబంధం మారిపోతుంది. ఈ వ్యాసంలోని మిగతా విషయమంతా ఆ వ్యవధి చుట్టూనే తిరుగుతుంది.

వారపత్రిక నుంచి ఆదివారం ఉదయం దాకా

తెలుగువారికి వాయిదా కథ టీవీతో వచ్చింది కాదు. రాత్రికి రాత్రి ఒక ఘట్టం దగ్గర ఆపి, మర్నాడు అక్కడి నుంచే అందుకునే పురాణ కాలక్షేపాలు గుడి మండపాల్లో తరతరాలుగా సాగాయి. తొలి తెలుగు నవలల్లో ఒకటిగా చెప్పుకునే కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము కూడా పుస్తకంగా రాకముందు ఆయన పత్రిక వివేకవర్ధనిలో భాగాలుగానే వెలువడింది. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో వారపత్రికలకు సీరియల్ నవలే వెన్నెముక. పత్రిక ఇంటికి రాగానే ముందు సీరియల్ పేజీ తిరగేయడం, ఇంట్లో ఎవరు ముందు చదవాలన్నదానిపై తగువు పడడం, అది పక్కింటికి చేరడం, నవల పూర్తయ్యాక ఆ పేజీలన్నీ విడదీసి బైండు చేయించుకోవడం అప్పటి పాఠకులు ఎరిగిన సంగతులే. ప్రతి వారం చివర కుండలీకరణాల్లో కనిపించే 'సశేషం' అన్న మాటకు 'శేషంతో కూడినది' అని అర్థం. ఇంకా కొంత మిగిలి ఉందని చెప్పే ఆ చిన్న మాటే ధారావాహిక ప్రాణం.

పాశ్చాత్య దేశాల్లో ఇదే పని 1930ల నాటి అమెరికా రేడియో చేసింది. పగటిపూట ఇంటిపని చేసుకునే స్త్రీల కోసం ప్రసారమైన ఆ నాటకాలను సబ్బుల కంపెనీలు ప్రాయోజితం చేయడం వల్లే వాటికి సోప్ ఒపేరా అన్న పేరు వచ్చింది.

భారతదేశంలో టీవీ ధారావాహిక చరిత్రను 1984 జూలైలో మొదలైన హమ్ లోగ్‌తో లెక్కిస్తారు. కథ ద్వారా సామాజిక సందేశం అందించవచ్చని మెక్సికోలో మిగెల్ సబీదో చేసిన ప్రయోగాలు దానికి ప్రేరణ. ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ తెరమీదికి వచ్చి, జరిగిన కథ గురించి ప్రేక్షకులతో రెండు మాటలు మాట్లాడేవారు. ఆ ధారావాహిక నడిచిన ఏడాదిన్నరలో ప్రేక్షకుల నుంచి నాలుగు లక్షల దాకా ఉత్తరాలు వచ్చాయని దాన్ని అధ్యయనం చేసిన పరిశోధకులు లెక్కకట్టారు. ఆ కాలపు ధారావాహికలకు తరచుగా పదమూడు భాగాల చొప్పున అనుమతి దొరికేది. పదమూడు వారాలంటే సరిగ్గా ఏడాదిలో పావు వంతు కాబట్టి, కథ కూడా ఆ కొలతకు తగ్గట్టు అల్లుకోవలసి వచ్చేది.

1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా ఆదివారం ఉదయాల్లో ప్రసారమైన రామాయణం, ఆ తర్వాత 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ వరకు సాగిన మహాభారతం తెలుగు ఊళ్లలోనూ వీధులను ఖాళీ చేశాయి. టీవీ ఉన్న ఇంటి వసారాలో చాపలు పరచి ఇరుగుపొరుగును కూర్చోబెట్టిన ఆదివారాలు ఆ తరంవారికి ఇప్పటికీ గుర్తే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన విషయం ఉంది. ఆ ప్రేక్షకుల్లో ఎందరికో హిందీ రాదు. కథ తెలియనివారు ఒక్కరూ లేరు. సీతను రావణుడు ఎత్తుకుపోతాడని, హనుమంతుడు లంక చేరతాడని పసిపిల్లలకు కూడా తెలుసు. తర్వాత ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠే ధారావాహిక పట్టుకు మూలమని సాధారణంగా చెప్పే సిద్ధాంతం ఈ ఒక్క ఉదాహరణ ముందు నిలవదు. పట్టి ఉంచేది మరేదో కూడా ఉండి తీరాలి.

పట్టి ఉంచే మూడు పోగులు: ముడి, మనిషి, వేళ

నా అభిప్రాయంలో మనం ఒకే పట్టుగా భావించేది మూడు వేర్వేరు పోగులతో పేనిన తాడు. ఒకటి కథలోని ముడి, రెండోది కథలోని మనిషి, మూడోది కథ వచ్చే వేళ.

ముడి సంగతి మొదట చూద్దాం. 1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. కొందరికి చిన్న చిన్న పనులు అప్పగించి, వాటిలో సగాన్ని మధ్యలోనే ఆపించి, తర్వాత ఏవి గుర్తున్నాయని అడిగితే, పూర్తయిన పనులకన్నా సగంలో ఆగినవి దాదాపు రెట్టింపుగా గుర్తున్నాయన్నది ఆమె నివేదించిన ఫలితం. ఆగిన కథ మనసులో మెదలడానికి ఇదే కారణమని చాలామంది రాస్తుంటారు. అయితే తర్వాతి కాలంలో ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూసినవారికి ప్రతిసారీ అదే ఫలితం రాలేదు. ఆమె సహాధ్యాయి మరియా ఒవ్సియాంకినా 1928లో గమనించిన విషయం మాత్రం ఇంతకన్నా గట్టిగా నిలబడింది. మధ్యలో ఆపిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, అవకాశం దొరకగానే మనుషులు మళ్లీ చేపడతారు. ధారావాహిక విషయంలో మనకు కావలసింది ఇదే. పోయిన వారం ఏం జరిగిందో సరిగా గుర్తులేనివారు కూడా ఈ వారం టీవీ ముందు కూర్చుంటారు. మిగిలిపోయినదాన్ని ముగించాలన్న తపనకు జ్ఞాపకంతో అంతగా పని లేదు.

రెండో పోగు మనిషి. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు, తెరమీది వ్యక్తులతో ప్రేక్షకులు ఏర్పరచుకునే ఒకవైపు బంధాన్ని గుర్తించి దానికొక పేరు పెట్టారు. తెలుగులో దాన్ని ఏకపక్ష సాన్నిహిత్యం అనవచ్చు. మనకు ఆ పాత్ర తెలుసు, ఆ పాత్రకు మనం తెలియదు. అయినా వారానికొకసారి, ఏళ్ల తరబడి, మన ఇంటి ముందు గదిలో కనిపించే ముఖాన్ని మనసు పరిచయస్థుల జాబితాలోనే చేర్చుకుంటుంది. కార్తీకదీపం కథానాయికను లక్షలాది మంది వంటలక్క అనీ, కథానాయకుణ్ని డాక్టర్ బాబు అనీ పిలుచుకున్నారంటే అది ఇంటి మనుషులను పిలిచే పద్ధతి. రామాయణంలో రాముడి వేషం వేసిన అరుణ్ గోవిల్ ఎదురైతే జనం పాదాలకు నమస్కరించడం కూడా దీని మరో రూపమే.

మూడోది వేళ. నిర్ణీత సమయానికి వచ్చే ధారావాహిక ఇంటి దినచర్యలో ఒక మేకులా దిగుతుంది. దాన్ని బట్టి వంట ముందుకో వెనక్కో జరుగుతుంది, ఫోన్లు ఆ వేళ దాటాక వస్తాయి. కథ ఎంత పేలవంగా ఉన్నా ఆ వేళకు చేయి రిమోట్ మీదికి పోతుంది.

ఏ ప్రేక్షకుడిలో ఏ పోగు బలంగా ఉందో తెలుసుకోవడానికి జీవితమే అప్పుడప్పుడు పరీక్ష పెడుతుంది. 2020 మార్చిలో చిత్రీకరణలు ఆగిపోయి కొన్ని నెలలపాటు కొత్త భాగాలు రానప్పుడు, చూసేసిన పాత భాగాలనే అదే వేళకు మళ్లీ చూసినవారు ఉన్నారు. వారిని పట్టి ఉంచింది వేళ, లేదా మనుషులు. అది ముడి కాదు, ఎందుకంటే ఆ ముడులన్నీ ఎప్పుడో విడిపోయాయి. అమెరికాలోని పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లిన తల్లిదండ్రులది మరో ఉదాహరణ. మన రాత్రి ఏడున్నర డాలస్‌లో వేసవిలో ఉదయం తొమ్మిది. వేళ పూర్తిగా తలకిందులైనా ఆ ఉదయమే టీవీ ముందు కూర్చునేవారిని వేళ పట్టి ఉంచడం లేదు. తెలియని ఊళ్లో, ఎదురింటి మనిషి పలకరించని వీధిలో, వారికి దొరికే తెలుగు ముఖాలు అవే.

ఒకే ముడిని వారంలో విప్పడం, రోజుల్లో విప్పడం

వారపు ధారావాహికకూ డైలీ సీరియల్‌కూ ఉన్న తేడాను ఒక ఊహాకథతో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. సుజాత అనే ఉపాధ్యాయురాలికి, చనిపోయిన తండ్రి ట్రంకు పెట్టెలో ఒక పాత ఉత్తరం దొరుకుతుంది. తామున్న ఇంట్లో సగం వాటా మరొకరిదని అందులో రాసి ఉంటుంది. ఆ మరొకరు ఎవరన్నది ముడి.

వారపు ధారావాహికలో ఉత్తరం దొరకడం, చదవడం, అందులోని చిరునామా వెతుక్కుంటూ వెళ్లడం అంతా ఒక్క భాగంలోనే జరగాలి. ఆమె తలుపు తట్టగా, తలుపు తీసిన మనిషి ఆమెకు బాగా తెలిసినవాడే అని తేలే క్షణంలో ఆ భాగం ఆగుతుంది. ఆ ప్రశ్న ఏడు రోజులు బతకాలి కాబట్టి అది బలంగా ఉండాలి. వచ్చే వారం మొదటి ఐదు నిమిషాల్లోనే దానికి జవాబు రావాలి, లేకపోతే ఏడు రోజులు ఆగిన ప్రేక్షకుడు మోసపోయానని అనుకుంటాడు.

డైలీ సీరియల్‌లో సోమవారం ఉత్తరం దొరుకుతుంది. మంగళవారం ఆమె చదవబోతుంటే అత్తగారు గదిలోకి వస్తారు. బుధవారం ఉత్తరం కొంగులో దాచుకున్న సంగతి ఆడపడుచు కంటపడుతుంది. గురువారం అది నీళ్లలో పడుతుంది. శుక్రవారం ఆరబెడతారు. శనివారం ఒక పేరులోని మొదటి అక్షరం కనిపిస్తుంది. ఒక్కో మలుపు దగ్గరా గదిలోని ప్రతి ముఖాన్నీ విడివిడిగా, సంగీతంతో సహా, చూపిస్తారు.

దీన్ని రచయితల చేతకానితనంగా కొట్టిపారేయడం సరికాదని నేను గట్టిగా అంటాను. రోజూ అరగంట కథ నింపవలసి రావడం, ఒకే ఇంటి సెట్టులో తక్కువ ఖర్చుతో చిత్రీకరించవలసి రావడం, కొన్ని భాగాలను ముందే తీసి నిల్వ ఉంచుకోవలసి రావడం ఒక ఎత్తైతే, ప్రేక్షకురాలి పరిస్థితి మరో ఎత్తు. ఆమె సినిమా హాలులో కూర్చున్నట్టు కూర్చోదు. పొయ్యి మీద పప్పు ఉంటుంది, పిల్లలకు హోంవర్క్ ఉంటుంది, మధ్యలో ఎవరో తలుపు తడతారు. వంటింట్లోంచి చెవి వేస్తే చాలు అర్థమయ్యేలా సంభాషణలు, సంగీతం ఉంటాయి. పెళ్లికి ఊరెళ్లి వచ్చినావిడ పక్కింటావిడను "నాలుగు రోజులు చూడలేదు వదినా, ఏమైంది?" అని అడిగితే, ఒక్క వాక్యంలో జవాబు వస్తుంది. ఆ నెమ్మది తీరిక లేని మనిషికి అనుకూలంగా అల్లినది.

కాబట్టి వారపు ధారావాహిక ప్రధానంగా ముడి మీద నిలబడితే, డైలీ సీరియల్ మనిషి మీద, వేళ మీద నిలబడుతుంది. "కథ ఏమీ కదలడం లేదు, అయినా చూస్తున్నాను" అనే మాటలో వైరుధ్యం కనిపించడానికి కారణం, కథే పట్టి ఉంచుతుందని మనం ముందే అనుకోవడం.

గంటల లెక్క, ప్రకటనల లెక్క

వారానికొక అరగంట చొప్పున చూస్తే ఏడాదికి 26 గంటలు. వారానికి ఆరు రోజులు, రోజుకు అరగంట చొప్పున చూస్తే 156 గంటలు. సాయంత్రం వరసగా నాలుగు డైలీ సీరియల్స్ చూసేవారికి అది 624 గంటలవుతుంది. అంటే రాత్రీ పగలూ కలిపి లెక్కిస్తే ఏడాదిలో 26 పూర్తి రోజులు. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమిని టీవీలో వారానికొకసారి వచ్చిన అమృతం, ఆరేళ్లలో పూర్తి చేసుకున్నవి మూడు వందల పైచిలుకు భాగాలు. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మా ఛానల్‌లో నడిచిన కార్తీకదీపం, ఐదేళ్ల పైచిలుకులోనే పదిహేను వందల భాగాలు దాటింది. ఆ పదిహేను వందల భాగాలను వారానికొకటి చొప్పున ప్రసారం చేసి ఉంటే దాదాపు 29 ఏళ్లు పట్టేది.

ఈ సమయంలో కొంత ప్రకటనలది. కేబుల్ టెలివిజన్ నియమాల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. ఈ పరిమితి అమలుపై ఛానళ్లకూ నియంత్రణ సంస్థకూ మధ్య వ్యాజ్యం నడిచింది. పరిమితి మేరకే లెక్కించినా, పై ఉదాహరణలోని 624 గంటల్లో సుమారు 125 గంటలు ప్రకటనలకే పోతాయి. ఛానల్‌కు ప్రకటనల ఆదాయం వచ్చేది ఆ గంటల నుంచి. ఆ గంటల ధర నిర్ణయించేది వీక్షణ రేటింగు. దేశవ్యాప్తంగా ఎంపిక చేసిన యాభై వేల పైచిలుకు ఇళ్లలో అమర్చిన మీటర్ల ద్వారా బార్క్ సంస్థ సేకరించే లెక్కలు వారం వారం వెలువడుతుంటాయి. డైలీ సీరియల్ భాగాలు కొన్ని వారాలు మాత్రమే ముందుగా తయారవుతాయి కాబట్టి, రేటింగు తగ్గిన పాత్రను పక్కకు తప్పించడానికీ, పెరిగిన ఘట్టాన్ని సాగదీయడానికీ వీలుంటుంది. ప్రేక్షకులు సీరియల్‌కు అలవాటు పడుతున్నట్టే, సీరియల్ కూడా ప్రేక్షకుల అలవాటును కొలుచుకుంటూ దాని ప్రకారం మారుతూ ఉంటుంది.

వ్యసనం అనవచ్చా

ఇక అసలు వివాదానికి వద్దాం. వైద్యపరంగా చూస్తే, టీవీ చూడడాన్ని వ్యసనంగా ఏ ప్రధాన వర్గీకరణా గుర్తించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో జూదంతోపాటు వీడియో గేముల రుగ్మతకు చోటు దొరికింది గాని సీరియల్స్‌కు దొరకలేదు. అమెరికా మనోవైద్యులు వాడే మానసిక రుగ్మతల వర్గీకరణ డీఎస్ఎం-5లోనూ టీవీ లేదు.

అలాగని ఈ పోలికను తోసిపుచ్చడానికి వీల్లేదని వాదించినవారూ ఉన్నారు. రాబర్ట్ క్యూబీ, మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయీ అనే పరిశోధకులు, రోజులో అనుకోని వేళల్లో జనాన్ని హెచ్చరించి అప్పటి మానసిక స్థితిని నమోదు చేయించే పద్ధతిలో టీవీ ప్రేక్షకులను పరిశీలించారు. టీవీ ముందు కూర్చోగానే మనసు తేలికపడుతుందనీ, కట్టేయగానే ఆ తేలిక పోతుందనీ, స్తబ్ధత మాత్రం మిగిలిపోతుందనీ వారు 2002లో రాశారు. కట్టేయడం అసౌకర్యంగా ఉంటుంది కాబట్టి కట్టేయం. వారి వాదనలోని కీలకం అదే.

మెదడు పనితీరును పరిశోధించిన కెంట్ బెరిడ్జ్ చూపిన ఒక తేడా కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒకటి కావాలనిపించడం, అది నచ్చడం అనే రెండూ ఒకటి కావని, మెదడులో వాటి మార్గాలు కొంతవరకు వేరని ఆయన ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో తేలింది. డోపమైన్ లేకుండా చేసిన ఎలుకలు తీపిని వెతుక్కుంటూ పోలేదు గాని, నోట్లో పెడితే ఇష్టంగానే రుచి చూశాయి. మనం తరచుగా వినే "డోపమైన్ అంటే ఆనందం" అన్న మాట ఆ కారణంగా సరికాదు. "బాగోలేదు, అయినా చూడకుండా ఉండలేను" అనే ప్రేక్షకుడు అబద్ధం చెప్పడం లేదు. అతనిలో కావాలనడం మిగిలింది, నచ్చడం పోయింది.

వీడియో గేముల రుగ్మతకు ఐసీడీ-11 చెప్పే మూడు లక్షణాలను, కేవలం ఆలోచనకు సాయంగా, ఇద్దరు కల్పిత ప్రేక్షకులకు వర్తింపజేసి చూద్దాం. ఆ లక్షణాలు అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా దానికే ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం. అవి మామూలుగా ఏడాదిపాటు కనిపించాలన్నది అదనపు షరతు. మొదటి మనిషి భర్త పోయి ఒంటరిగా ఉంటున్న అరవై ఎనిమిదేళ్ల ఆవిడ. రోజూ సాయంత్రం రెండు గంటల చొప్పున వారానికి 14 గంటలు సీరియల్స్ చూస్తారు. మనవరాలు వస్తే టీవీ కట్టేస్తారు. మందులు వేళకు వేసుకుంటారు. రెండో మనిషి ఇరవై ఆరేళ్ల ఉద్యోగి. అతనిదీ వారానికి 14 గంటలే, కానీ అవి రెండు రాత్రుల్లో తెల్లవారుజాము దాకా సాగుతాయి. ఒక్క భాగమే చూస్తానని మొదలుపెట్టి ప్రతిసారీ మాట తప్పుతాడు, మర్నాడు ఆఫీసులో మాటపడతాడు, అయినా వచ్చే వారం అదే చేస్తాడు. గంటలు సమానమే. మూడు లక్షణాల వైపు జరుగుతున్నది రెండో మనిషి. ఇళ్లలో పిచ్చి అనిపించుకునేది మాత్రం మొదటి ఆవిడ.

నాకు ఇక్కడ బాధ కలిగించే సంగతి ఒకటుంది. మూడున్నర గంటల క్రికెట్ మ్యాచ్‌ను రెండు నెలలపాటు ప్రతి సాయంత్రం చూసే మగవాళ్లకు ఎవరూ వ్యసనం అంటగట్టరు. అరగంట సీరియల్ చూసే స్త్రీకి ఆ మాట తేలిగ్గా తగిలిస్తారు. ఎవరి తీరికను మనం తీరికగా ఒప్పుకుంటున్నాం అన్న ప్రశ్న ఈ చర్చ అడుగున ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తేల్చకుండా గంటల లెక్క ఒక్కటే చెబితే న్యాయం కాదు.

చెడగొడుతున్నాయా, మారుస్తున్నాయా

కథల్లోని విషయంపై అభ్యంతరాలు నిరాధారమైనవి కావు. అత్తాకోడళ్ల కుట్రలు, ఓర్చుకోవడమే ఉత్తమ ఇల్లాలి గుణమన్న చిత్రణ, చెంపదెబ్బను నాటకీయ మలుపుగా వాడుకోవడం ఏళ్ల తరబడి చూస్తే మనసు మీద ముద్ర పడకుండా ఉంటుందా అన్న ప్రశ్న సహేతుకమైనదే.

అయితే ఆధారాలు మరో దిక్కు కూడా చూపుతున్నాయి. రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు 2001 నుంచి 2003 దాకా బీహార్, గోవా, హర్యానా, తమిళనాడు, ఢిల్లీలలోని కుటుంబాలను పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్తగా కేబుల్ టీవీ వచ్చిన గ్రామాల్లో భార్యను కొట్టడాన్ని సమర్థించే స్త్రీల సంఖ్య తగ్గింది, కొడుకే కావాలన్న కోరిక తగ్గింది, ఇంటి నిర్ణయాల్లో స్త్రీల పాత్ర పెరిగింది అన్నది వారి నిర్ధారణ. చదువుకున్న, ఉద్యోగం చేసే పట్టణ స్త్రీల జీవితాన్ని ధారావాహికలు ఆ ఊళ్లకు చూపించడం ఒక కారణం కావచ్చని వారు భావించారు. ఈ అధ్యయనం తప్పొప్పులపై తర్వాత విమర్శలు కూడా వచ్చాయి. పైగా అది కేబుల్ మొత్తం ప్రభావాన్ని కొలిచిందే తప్ప ఒక్క సీరియల్స్ ప్రభావాన్ని విడిగా కొలవలేదు. తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. కాబట్టి దాన్ని సీరియల్స్‌కు యోగ్యతాపత్రంగా చూపడమూ తొందరపాటే, సీరియల్స్ కేవలం వెనక్కి లాగుతాయనడానికి అది అడ్డుగా నిలుస్తుందని మరవడమూ తొందరపాటే.

వారానికొకటా, ఒక్క పట్టునా

2017లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 51 మంది విద్యార్థులను మూడు బృందాలుగా చేసి, ఒకే టీవీ ధారావాహికను ఒక బృందానికి ఒకే రోజున, మరో బృందానికి రోజుకొక భాగం, ఇంకో బృందానికి వారానికొక భాగం చొప్పున చూపించారు. చూసిన మర్నాడు అడిగితే ఒక్క పట్టున చూసినవారికే ఎక్కువ గుర్తుంది. 140 రోజుల తర్వాత అడిగితే వారి జ్ఞాపకమే అన్నిటికన్నా ఎక్కువగా జారిపోయింది. వారానికొకటి చూసినవారిది తక్కువగా జారింది. ఒక్క పట్టున చూసినవారు మిగతావారికన్నా తక్కువ ఆనందించామని కూడా చెప్పారు. బృందానికి పదిహేడు మందే కాబట్టి దీని మీద భారీ నిర్ణయాలు కట్టలేం. అయినా ఈ ఫలితం వారపత్రిక పాఠకులకు కొత్తగా అనిపించదు.

రెండు భాగాల మధ్య ఉన్న ఏడు రోజులు ఖాళీ రోజులు కావు. నీళ్ల పంపు దగ్గర, ఆఫీసు క్యాంటీన్లో, రైలు పెట్టెలో ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పుకోబడేది. ఆమె అతన్ని క్షమించాలా వద్దా అని వాదన జరిగేది. ఎవరో ఊహించింది నిజమైతే వారం పాటు వారికి గౌరవం దక్కేది. 1980లో అమెరికాలో డాలస్ అనే వారపు ధారావాహిక, ప్రధాన పాత్రపై ఎవరు కాల్పులు జరిపారన్న ప్రశ్నతో మార్చిలో ఆగి నవంబరులో జవాబు చెప్పినప్పుడు, ఆ జవాబు విన్నవారు 8 కోట్ల పైచిలుకు. ఎనిమిది నెలలు జనం ఆ కథను తమలో తాము నడిపించుకున్నారు. ఒక్క పట్టున చూసే ప్రేక్షకుడికి ఈ సామూహిక కాలం దొరకదు. ఐదో భాగంలో ఉన్నవాడు తొమ్మిదో భాగంలో ఉన్నవాడితో మాట్లాడడానికి భయపడతాడు, ఎక్కడ కథ బయటపడిపోతుందోనని.

మరో వైపు, తీరిక ఎప్పుడు దొరుకుతుందో తెలియని రాత్రి షిఫ్టు ఉద్యోగికి, ఊరు మారుతూ ఉండే మనిషికి, ఛానల్ పెట్టిన వేళ నుంచి విముక్తి నిజమైన మేలు. ముడి విప్పుకునే హక్కు తన చేతిలో ఉండాలని అతను కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ హక్కుతోపాటు ఆపవలసిన బాధ్యత కూడా అతని మీదే పడింది. వారపు ధారావాహికలో ఆ పని ఛానలే చేసేది. తర్వాతి భాగం పది క్షణాల్లో తనంతట తానే మొదలయ్యే ఏర్పాటు, ఆపాలన్న నిర్ణయాన్ని మరింత కష్టం చేస్తుంది.

కథ ముగిసినప్పుడు మిగిలేది

ఏళ్ల తరబడి నడిచిన ధారావాహిక ముగిస్తే ప్రేక్షకులకు కలిగే వెలితి నిజమైనదే. అమెరికాలో ఫ్రెండ్స్ 2004 మేలో ముగిసినప్పుడు విద్యార్థులను ప్రశ్నించిన పరిశోధకులు, ఇష్టమైన పాత్రతో సాన్నిహిత్యం ఎంత గాఢంగా ఉంటే బాధ అంత ఎక్కువగా ఉందనీ, ఒంటరితనానికీ ఆ బాధకూ సంబంధం ఉందనీ, అయితే నిజజీవితంలో స్నేహం తెగిపోయినప్పటి బాధ కన్నా అది తేలికైనదనీ కనుగొన్నారు.

మన ఛానళ్లు ఈ వెలితిని ఏ సిద్ధాంతమూ చదవకుండానే గ్రహించాయి. 2008 ఫిబ్రవరిలో చక్రవాకం స్థానంలోకి వచ్చిన మొగలిరేకులు కథ వేరు. కానీ దర్శకురాలు మంజులా నాయుడే, నటుల్లో కొందరు వారే, ఛానల్ అదే. ప్రేక్షకులు దాన్ని 2013 మే దాకా నడిపించారు. కార్తీకదీపం 2023 జనవరిలో ముగిసిన పద్నాలుగు నెలలకు, 2024 మార్చిలో దాని రెండో అవతారం వచ్చింది. పాత ముడులేవీ అందులోకి రాలేదు. కొత్త కథ, కొత్త చిక్కులు. మళ్లీ వచ్చినవి ప్రేమి విశ్వనాథ్, నిరుపమ్ పరిటాల ముఖాలు, దీప, కార్తీక్ అన్న పేర్లు. వాటిని చూడగానే మొదటి రోజే పలకరించినవారికి, పాత కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేయవలసిన అవసరం రాలేదు.